మాటబదులు

సోమవారం

ఈ డైరీకి తాళం అక్కర్లేదు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది నాకొక్కదానికే. టేబుల్ మీద తెరిచి పెట్టి వెళ్ళినా అమ్మ దాని మీద గ్లాసు పెడుతుంది, వదిన గ్లాసు తీసి తడి తుడుస్తుంది, అంతే. అన్నయ్య లారీతో ఎప్పుడొస్తాడో అన్నయ్యకే తెలీదు. కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు.

ఉన్నది ఇది: నేను పనిచేసే చోట బుర్ర అన్నది ఒక్కరికీ లేదు.

కోల్డ్ స్టోరేజిలో నా ఉద్యోగం పేరు కమ్యూనికేషన్స్ కోఆర్డినేటర్. పక్కన చిన్న అక్షరాల్లో తాత్కాలికం అని ఉంది. పేరు విని అమ్మ వీధంతా చెప్పుకొచ్చింది, పలకడం రాక 'పెద్ద ఫోన్ల ఉద్యోగం' అని. నిజానికి నేను చేసేది వాకీటాకీలకు ఆయాపని. పొద్దున్నే చార్జర్ల మీంచి తీసి, బ్యాటరీ అడుగున మెరిసే రేకుల్ని పొడిగుడ్డతో తుడిచి, ఏరియల్ బిగించి, తలా ఒకటి చేతికివ్వడం. సాయంత్రం చేపల పొలుసులూ, టేపు ముక్కలూ అంటుకుని వచ్చిన వాటిని మళ్ళీ మనుషుల్లోకి తేవడం. మధ్యలో అరగంటకోసారి బల్ల దగ్గర కూర్చుని గదుల హాజరు పిలవడం.

హాజరెందుకంటే, గడ్డకట్టించే గదుల్లోకి ఒంటరిగా వెళ్ళినవాళ్ళు లోపల ఇరుక్కుపోతే కొట్టడానికి ఒకప్పుడు గంటలుండేవి. అవి పాడయ్యాయి. బాగుచెయ్యడం దండగని రేడియోలు కొన్నారు. తలుపు లోపలి పిడికి మంచు పట్టి బిగుసుకుంటుంది. ఆ సంగతి షిఫ్టు సూపర్‌వైజరుకి చెప్తే "కాలితో ఒక్కటి తన్నితే అదే వస్తుందమ్మా" అన్నాడు.

ఈ సూపర్‌వైజరుని అందరూ నెమలి అంటారు. ఇవాళ రేడియోని ఏరియల్ పట్టుకుని వేలాడదీసుకుంటూ వచ్చాడు, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని పారెయ్యడానికి తీసుకెళ్తున్నట్టు. చెవిలో ఇయర్‌ఫోను ఉంది. దాని వైరు చొక్కా జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు.

"సార్, ఏరియల్ పట్టుకోకండి, లోపల విరుగుతుంది" అన్నాను.

"విరిగితే అతికించడానికేగా నిన్ను పెట్టింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళకి నవ్వడం కూడా జీతంలో భాగమే.

మంగళవారం

వదిన గురించి రాయాలి. రాస్తే గానీ నిద్ర పట్టదు.

వదిన అక్కడే పనిచేస్తుంది. తొమ్మిదో గది. నాకంటే చాలా ముందు నుంచీ. ఈ ఉద్యోగానికి నన్ను రమ్మన్నది కూడా ఆవిడే. మేనేజరు గది ముందు నిలబడి "మా ఆడపడుచు రేడియోలు చదువుకుంది సార్" అని చెప్పిందట. రేడియోలు చదువుకోవడం! నేను చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నోట్లోకి వెళ్ళేసరికి రేడియోలైపోతుంది.

రేడియో వాడకం చాలా తేలిక. పక్కనున్న బటన్ నొక్కాలి. నొక్కాక ఒక్క క్షణం ఆగాలి, సెట్టు మేలుకోవాలి. అప్పుడు మాట్లాడాలి. ఆగకపోతే మొదటి అక్షరం గాలిలో కలిసిపోతుంది. మా వదిన మాట్లాడటం మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి బటన్ నొక్కుతుంది.

"తొమ్మిది?" అని నేను పిలుస్తాను.

"మ్మిది ఓకే. అమ్మాయ్, తిన్నావా?"

రోజూ ఇంతే. ప్రతి అరగంటకీ ఇంతే. చానెల్ మీద అందరూ వింటుంటారు. తిన్నావా అని! తినకపోతే ఏం చేస్తుంది, బఠాణీల పెట్టెలోంచి పంపిస్తుందా?

ఇవాళ మధ్యాహ్నం పక్కకి పిలిచి, సెట్టు చేతికిచ్చి చూపించాను.

"నొక్కు. ఆగు. ఇప్పుడు మాట్లాడు."

"నొక్కానే."

"ఆగలేదు నువ్వు."

"పిలిచాక పలక్కుండా ఆగడమేంటే? నువ్వు పిలిస్తే నేను ఎప్పుడైనా ఆగానా?"

"ఇది ఇల్లు కాదు వదినా. ఇంకోటి, ఆ లావు గ్లౌజుతో నొక్కితే బటన్ పడిందో లేదో నీకే తెలీదు. మాట్లాడేటప్పుడు కుడిచేతిది తీసెయ్."

"అలాగే టీచరమ్మా" అని నవ్వింది. పక్కన టేపక్క కూడా నవ్వింది. టేపక్క ప్యాకింగు హాల్లో పెట్టెలకు టేపు వేస్తుంది, వదినకి ప్రాణస్నేహితురాలు. ఇద్దరికీ కలిపి ఒక్క సందేహం కూడా రాదు ఏ విషయంలోనూ.

బుధవారం

కనిపెట్టాను. ఎన్నాళ్ళుగా నా కళ్ళలో దుమ్ము కొడుతున్నారో.

వీళ్ళు ఒకరి హాజరు ఇంకొకరు పలుకుతున్నారు. నాలుగో గదివాడు టీకి వెళ్తే ఐదో గదివాడు "నాలుగు ఓకే" అంటాడు, తర్వాత తన గొంతు మార్చి "ఐదు ఓకే" అంటాడు. దానికొక పేరు కూడా పెట్టుకున్నారు. చేబదులు లాగా ఇది మాటబదులట. "ఇవాళ ఒక మాటబదులియ్యి, రేపు నీకు నేనిస్తా." అదో మంచితనం వీళ్ళ దృష్టిలో. ఇవ్వనివాడు పాపిష్టివాడు.

వదినని అడిగితే, "మనిషన్నాక ఒకళ్ళకొకళ్ళు సాయం చేసుకోరా ఏంటి?" అంది. ఇది సాయమట.

లోపల ఎవరైనా పడిపోతే ఈ సాయం ఏమవుతుందని అడిగాను. "నోటితో మంచి మాటే రాదు నీకు" అని కేకలేసింది.

గురువారం

సెట్ల బ్యాటరీలు అన్నీ పరీక్షించాను. చార్జరు మీద పచ్చలైటు వచ్చేదాకా ఉంచి, గడ్డకట్టించే గదిలో పెట్టి చూశాను. చాలా వాటికి అరగంట కూడా ప్రాణం లేదు. చలికి ఏ బ్యాటరీ అయినా నీరసపడుతుంది, పాతదైతే ఇంక చెప్పక్కర్లేదు.

మేనేజరు దగ్గరకెళ్ళాను.

"సార్, బ్యాటరీలు మార్చాలి. లోపలికెళ్ళాక ఆగిపోతున్నాయి."

"చార్జరు మీద పచ్చలైటు వెలుగుతోందా, లేదా?"

"వెలుగుతోంది సార్. కానీ..."

"పచ్చ అంటే నిండినట్టు. మీ కాలేజీలో అది చెప్పలేదామ్మా?"

చెప్పారు. నిండటం వేరు, పట్టడం వేరు అని కూడా చెప్పారు. ఉగ్గుగిన్నె కూడా నిండుతుంది, బిందె కూడా నిండుతుంది. పాత బ్యాటరీ అంటే ఉగ్గుగిన్నె అయిపోయిన బిందె. ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన తన ఫోను వంక చూస్తూ "ఊఁ, ఊఁ" అన్నాడు. ఆయన తల కూడా అలాంటిదే. ఎప్పుడు చూసినా పచ్చలైటే.

సోమవారం

కొత్త నియమం పెట్టాను. హాజరు పలికేవాళ్ళు ఓకే అంటే చాలదు. గదిలోపల గోడకున్న డయల్ మీద ముల్లు ఎక్కడుందో చదివి చెప్పాలి. లోపల ఉన్నవాడికి తప్ప అది తెలీదు. మాటబదులు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.

నెమలి చానెల్ మీదే అన్నాడు: "అందరూ వినండి. ఇకనుంచి రేడియో మేడమ్‌గారు లెక్కల పరీక్ష పెడతారు. ఫెయిలైనవాళ్ళు బెంచీ ఎక్కాలి."

అన్ని గదుల్లోంచీ నవ్వులు. ఒకడు నవ్వితే ఇంకొకడి నవ్వు వినపడదు కదా రేడియోలో, అందుకని ఒకడి తర్వాత ఒకడు వరసలో నవ్వారు. మాట్లాడేటప్పుడు రాని క్రమశిక్షణ నవ్వేటప్పుడు వచ్చింది.

వదినకి అంకెలు చదవడం రాదు. సంగతి నాకు ముందే గుర్తుండాల్సింది. "ముల్లు కిందకుందే, అమ్మాయ్. నిన్నటికంటే కొంచెం కిందకి" అంది. అందరూ విన్నారు.

సాయంత్రం ఇంటికి వస్తూ దారిలో నేను మాట్లాడలేదు. ఆవిడ మాత్రం మాట్లాడుతూనే ఉంది.

బుధవారం

శుక్రవారం పెద్ద కొనుగోలుదారు కంపెనీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. మేనేజరు పిలిచి కూర్చోమన్నాడు. నేను ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదలు.

"నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని పైకి రాశానమ్మా. శుక్రవారం సవ్యంగా గడిస్తే వచ్చేసినట్టే. వాళ్ళు నీ వెనకే నిలబడి హాజరు వింటారు. ఆ డయళ్ళూ ముళ్ళూ పెట్టకు. నంబరు, ఓకే. నంబరు, ఓకే. టకటకా అయిపోవాలి. సరేనా?"

సరే అన్నాను.

ఒక్కరోజుకే కదా. డయల్ సంగతి శనివారం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. పర్మనెంటయితే నా మాటకి బరువుంటుంది, అప్పుడు బ్యాటరీలు కూడా మార్పించవచ్చు. అసలు ఇదే మంచి దారి. ఆలోచిస్తే మేనేజరు అంత మొద్దు కాదేమో.

గురువారం

అమ్మకి చెప్పాను. అమ్మ వదినకి చెప్పింది. వదిన వీధికి చెప్పింది.

శుక్రవారం

పదకొండు గంటల హాజరు అయింది. వచ్చినవాళ్ళు టీ తాగుతున్నారు, అందుకని రెండు ముక్కలు రాస్తున్నాను. వదిన ఇవాళ ఆగి మాట్లాడింది! "తొమ్మిది ఓకే." మొదటి అక్షరం నుంచి చివరిదాకా, గాజు గ్లాసులా స్పష్టంగా. తిన్నావా అని కూడా అడగలేదు. మొత్తానికి నా మొత్తుకోళ్ళు బుర్రకెక్కాయి.

ఆదివారం

ఆసుపత్రి వరండా. బెంచీ ఒక కాలు పొట్టి. రాస్తుంటే ఊగుతోంది.

పైన శుక్రవారం రాసింది చింపెయ్యాలనుకున్నాను. చింపలేదు. ఉండనీ.

పదకొండున్నర హాజరుకి వాళ్ళు నా కుర్చీ వెనక నిలబడ్డారు, సెంటు వాసన. నెమలి గోడ దగ్గర, ఇయర్‌ఫోనుతో. మేనేజరు వాళ్ళకి నన్ను చూపించి "మా అమ్మాయి, ఎలక్ట్రానిక్స్" అన్నాడు. పిలుస్తూ పోయాను. నంబరు, ఓకే. నంబరు, ఓకే.

"తొమ్మిది?"

"తొమ్మిది ఓకే."

మళ్ళీ పూర్తిగా వచ్చింది. మళ్ళీ తిన్నావా లేదు. దాని వెనక ఒక చప్పుడు వినపడింది. టేపు లాగిన చప్పుడు, బర్రుమని. తొమ్మిదో గదిలో టేపు ఉండదు. అక్కడ ఎప్పుడూ ఫ్యాన్ల హోరే, వదిన ఏం మాట్లాడినా దాని వెనక ఆ హోరు ఉంటుంది. ఇప్పుడు హోరు లేదు.

తర్వాత పదిని పిలవాలి. పిలవలేదు.

"తొమ్మిది, డయల్ మీద ముల్లు ఎక్కడుంది?"

మేనేజరు నా భుజం వెనక గొంతు సవరించుకున్నాడు. తర్వాత, "మామూలుగానే ఉంది."

"టేపక్కా. వదిన ఎక్కడుంది?"

బటన్ మళ్ళీ నొక్కాను.

"టేపక్కా!"

"బాత్రూముకెళ్ళిందేమో అనుకున్నానే... పెద్దవాళ్ళొచ్చారు కదా, నీకు మాట రాకూడదని..."

కుర్చీ పడిపోయింది. సెంటు వాసనవాళ్ళని తోసుకుంటూ వెళ్ళానట, ఒకాయన చేతిలో టీ ఒలికిందట. ఇదంతా తర్వాత మేనేజరు చెప్పాడు. నాకు గుర్తున్నది తలుపు బయటి గొళ్ళెం చల్లదనం, తెరిచాక వచ్చిన మంచుపొగ. తలుపు పక్కనే, పెట్టెలకి ఆనుకుని కూర్చుని ఉంది. రేడియో చెవి దగ్గర పెట్టుకుని. కుడిచేతి గ్లౌజు లేదు. గ్లౌజు ఒళ్ళో ఉంది, మడతపెట్టి.

రేడియో చచ్చిపోయి ఉంది.

బతికింది. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు ఉంచలేమన్నారు. బటన్ నొక్కే వేళ్ళు.

సోమవారం

టేపక్క వచ్చి వరండాలో ఏడ్చింది. వెళ్ళమన్నాను. ఏడుపు కూడా ఎవరి బదులో ఏడుస్తున్నట్టే ఉంది.

మంగళవారం

మేనేజరు పండ్ల బుట్టతో వచ్చాడు. బుట్ట మీద రంగుకాగితం, రిబ్బను. వదిన గదిలోకి వెళ్ళలేదు. నన్ను మెట్ల దగ్గరకి పిలిచాడు.

"జరగరానిది జరిగింది. కొనుగోలువాళ్ళు గురువారం మళ్ళీ వస్తారు, ఏమైందో చెప్పమంటారు. మీ వదిన చార్జింగు కాని సెట్టు తీసుకుని లోపలికెళ్ళింది. అంతే కదా?"

"నేనే ఇచ్చాను సార్. పచ్చలైటు వచ్చాకే ఇచ్చాను."

"నువ్వు ఇచ్చింది పక్కనపెట్టి ఇంకోటి తీసుకుందేమో. చదువురాని మనిషి. పొరపాటు పడటానికి ఎంతసేపు? ఆమెకొచ్చే సాయం ఆమెకొస్తుంది, దానికి నాది పూచీ. నీ ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది. గురువారం నువ్వు నాలుగు ముక్కలు చెప్తే చాలు. ఆలోచించుకో."

ఆలోచిస్తానన్నాను.

అందులో ఆలోచించడానికి ఏముందని ఎవరైనా అడగొచ్చు. అడగడం తేలిక. వదిన ఎలాగూ ఇంక ఆ గదిలో పనిచెయ్యలేదు. అన్నయ్య సంగతి తెలిసిందే. ఇంట్లో ఒక్కరికైనా నిలకడైన ఉద్యోగం ఉండాలి. వదినకి రేడియో వాడకం రాదన్నది అబద్ధం కూడా కాదు. నేనే ఎన్నిసార్లు చెప్పాను! అందరూ విన్నారు. నేను చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు.

పండ్లు బాగున్నాయి. మేనేజరు మాట నేను చెప్తుంటే వింటూ అమ్మ తిన్నది. నేనూ ఒకటి తిన్నాను.

బుధవారం

ఇవాళ వదిన లేచి కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తోంది. నేను పక్కన కూర్చుని ఇది రాస్తుంటే,

"ఎప్పుడూ ఏంటే ఆ రాత? నా గురించేనా?"

"కాదు."

"చదువు చూద్దాం. పొద్దు పోవట్లేదు."

వెనక్కి తిప్పితే తెరుచుకున్న పేజీ మంగళవారం నాటిది. మొదటి మంగళవారం. దాని మీద వేలు పెట్టి, లేనిది చదివాను. మా వదిన చాలా తెలివైనదని, కోల్డ్ స్టోరేజిలో ఆవిడంటే అందరికీ గౌరవమని. ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"బాగా రాశావ్. మధ్యమధ్య ఆగుతున్నావెందుకు? అంత పెద్ద చదువు చదివి కూడబలుక్కుంటావేంటే?"

కాసేపయ్యాక అంది: "నీకో సంగతి చెప్పాలి. నవ్వకూడదు."

"ఊఁ."

"తలుపు పిడి రాలేదు. తన్నాను, రాలేదు. అప్పుడు రేడియో తీశాను. నువ్వు చెప్పినట్టే గ్లౌజు తీసేశాను. నొక్కాను. ఆగాను. ఆగే మాట్లాడానే. ఒట్టు, ప్రతిసారీ ఆగాను. ఆగి, 'తొమ్మిది, తలుపు రావట్లేదు' అన్నాను. నువ్వే వినలేదు."

"బ్యాటరీ పోయింది వదినా."

"అదా. నేనింకా సరిగ్గా ఆగలేదేమో, అందుకే నీకు వినపట్లేదేమో అనుకుని, ఇంకా ఇంకా ఆగి మాట్లాడాను."

నేను బయటికి వచ్చి చాలాసేపు మెట్ల దగ్గర నిలబడ్డాను. మళ్ళీ లోపలికి వెళ్తే, అమ్మ అంతా చెప్పేసినట్టుంది, మేనేజరు మాట.

"చెప్పెయ్యవే అమ్మాయ్. నేనే చార్జింగు లేని సెట్టు తీసుకెళ్ళానని చెప్పెయ్. నాకేం పోతుంది? నన్నెవరూ పరీక్ష రాయమనరు. నీ ఉద్యోగం నిలుస్తుంది."

మళ్ళీ మాటబదులు! వేళ్ళు పోయినా ఈ మనుషులకి ఈ జబ్బు పోదు. తప్పు ఒకడిది, ఓకే ఇంకొకరిది. ఒళ్ళు మండిపోయింది. "నోరు మూసుకుని పడుకో" అన్నాను. ఆవిడ నవ్వింది. పక్క మంచం ఆవిడతో "మా ఆడపడుచు. రేడియోలు చదువుకుంది" అని చెప్తోంది, నేను వెళ్తుంటే వినపడింది.

గురువారం

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళాను. వదిన సెట్టు రాత్రంతా చార్జరు మీద ఉంది. పచ్చలైటు వెలుగుతోంది. తీసి, రేకులు తుడిచి, ఏరియల్ బిగించి, ఆన్ చేసి, ఆరో గదిలో పెట్టెల మీద పెట్టాను. ఆరో గది ఈ వారం ఖాళీ, అక్కడ ఎవరికీ పని లేదు. బయటికి వచ్చి చేతిలో సెట్టుతో పిలిచి చూశాను, లోపలి నుంచి నా గొంతు నాకే వినపడింది. అప్పటికి బతికే ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తలుపు మూసేశాను.

సమావేశం మేనేజరు గదిలో. పొడుగు బల్ల, బిస్కెట్లు. కొనుగోలువాళ్ళలో పెద్దాయన, ఒక లేడీ ఆఫీసరు. మేనేజరు చెప్పాల్సినవన్నీ చెప్పాడు. పరికరాలు అన్నీ సవ్యంగా ఉన్నాయి, రోజూ చార్జింగు అవుతాయి, సిబ్బంది పొరపాటు, చాలా బాధాకరం. బాధాకరం అన్నప్పుడు బిస్కెట్టు చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"మిగతాది మా అమ్మాయే చెప్తుంది" అన్నాడు.

లేచి నిలబడ్డాను. 

"నేను చెప్పడం ఎందుకు సార్, మీరే పిలవండి. ఆరో గదిలో ఒక సెట్టు పెట్టాను. తొమ్మిదో గదిలో మా వదిన చేతిలో ఉన్నది అదే. రాత్రంతా చార్జింగులో ఉంది, పొద్దున పచ్చలైటు చూసి తీశాను. ఆరో గదిని పిలవండి."

మేనేజరు నా వంక చూశాడు. లేడీ ఆఫీసరు "పిలవండి" అంది.

ఆయన బల్ల మీది సెట్టు తీసి, ఏరియల్‌కి నోరు ఆనించి, "ఆరు? ఆరు?" అన్నాడు.

ఏమీ రాలేదు. నేను చెప్పదలచుకున్నది అంతవరకే. ఆ నిశ్శబ్దం వినిపించి, వెళ్ళి చచ్చిన సెట్టు తెచ్చి బల్ల మీద పెడదామనుకున్నాను. ఇంతకన్నా ఎక్కువ నేను ప్లాను చెయ్యలేదు. నిజం.

కానీ మేనేజరు చేతిలోని సెట్టులోంచి గొంతు వచ్చింది. గట్టిగా, ఉత్సాహంగా.

"ఆరు ఓకే సార్!"

నెమలి గొంతు.

పెద్దాయన అడిగాడు, "ఆరో గదిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్" అన్నాను.

"మళ్ళీ పిలవండి."

మేనేజరు పిలవలేదు. లేడీ ఆఫీసరు చెయ్యి చాపి సెట్టు తీసుకుంది. బటన్ నొక్కింది, ఆగింది. ఆగింది! ఈ కోల్డ్ స్టోరేజిలో నొక్కి ఆగిన రెండో మనిషి. "ఆరో గదిలో అంతా బాగుందా?"

"ఫస్టుక్లాసు మేడమ్! నేను ఇక్కడే ఉన్నాను, లోపలే ఉన్నాను. అంతా కంట్రోల్లో ఉంది!"

లోపలే ఉన్నవాడు కిటికీ అద్దంలోంచి మాకందరికీ కనిపిస్తున్నాడు. క్యాంటీను ముందు, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో రేడియో. ఏరియల్ పట్టుకుని.

నేను వెళ్ళి ఆరో గది తలుపు తీసి సెట్టు తెచ్చాను. మంచుపొర పట్టి ఉంది. బల్ల మీద, బిస్కెట్ల పక్కన పెట్టాను. లేడీ ఆఫీసరు స్విచ్చి తిప్పి చూసింది, కట్టేసి మళ్ళీ తిప్పింది. తర్వాత మేనేజరు వంక చూసింది. ఆయన ముఖంలో జీవితంలో మొదటిసారి పచ్చలైటు ఆరిపోయింది.

శుక్రవారం

వదినకి అంతా చెప్పాను. నెమలి మాట దగ్గర నవ్వి నవ్వి కట్టు నొప్పెట్టిందని ఏడ్చింది. "పాపం, వాడు మాత్రం ఏం చేశాడే? పిలిస్తే ఎవరూ పలకట్లేదని పలికాడు" అంది.

పాపమట.

సోమవారం

చాలా రోజులైంది రాసి.

కొత్త బ్యాటరీలు వచ్చాయి. నా ఆర్డరు రాలేదు. మేనేజరు నన్ను చూస్తే గోడకున్న క్యాలెండరు చదువుతాడు. తీసెయ్యలేడు, కొనుగోలువాళ్ళు నన్ను పేరు పెట్టి అడుగుతున్నారు. ఉంచుకోలేడు, ఆయనకి నిద్ర పట్టదు. కాబట్టి తాత్కాలికంగా ఉన్నాను, ఎప్పటికీ తాత్కాలికంగానే ఉండేట్టున్నాను. గదుల్లో గంటలు మళ్ళీ బిగించారు. నెమలిని గోదాము అవతలి గేటు దగ్గర వేశారు. అక్కడ రేడియో లేదు, ఇయర్‌ఫోను మాత్రం చెవిలో ఉంది.

ఎవరూ ఒంటరిగా లోపలికి వెళ్ళకూడదు. తలుపు దగ్గర ఒక మనిషి రేడియోతో నిలబడాలి. హాజరు ఆ మనిషి పలకాలి, సొంత గొంతుతో. మాటబదులు పోయిందా అంటే పోలేదు. ఒకరోజు నాలుగో గది బదులు ఎవడో పలికాడు. గొంతు పోల్చి, చానెల్ మీదే పేరుపెట్టి తిట్టాను. "పాపిష్టిది" అన్నారు నా గురించి. అననీ.

ఇవాళ వదిన మళ్ళీ పనిలోకి వచ్చింది. తొమ్మిదో గది తలుపు దగ్గర స్టూలు వేశారు. లోపల టేపక్క, బయట వదిన. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేతి బొటనవేలితో బటన్ వెతుక్కుంటోంది. పొద్దున సెట్టు ఇస్తూ, ఎడమచేత్తో ఎలా పట్టుకోవాలో చూపించాను. నొక్కు, ఆగు అని మాత్రం చెప్పలేదు.

"చెప్పవేంటే? మర్చిపోయావా?" అంది.

"నీకు చెప్పి ప్రయోజనం లేదు."

పదకొండు గంటల హాజరు. నాలుగు, ఓకే. ఐదు, ఓకే. ఎనిమిది దాకా వచ్చాక,

"తొమ్మిది?"

"మ్మిది ఓకే. అమ్మాయ్, తిన్నావా?"

చానెల్ మీద ఎవడో కిసుక్కున నవ్వాడు.

ఎన్నిసార్లు చెప్పినా నేర్చుకోదు ఈ మనిషి. మొద్దు. "తిన్నాను" అని చెప్పి, పదిని పిలిచాను.